హ్యాండ్‌గన్‌తో జింక వేటకు .44 మాగ్నమా, 7-30 వాటర్సా?

టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకల వేటకు హ్యాండ్‌గన్ కొనాలనుకుంటున్నానని, 150 గజాల దాకా .44 మాగ్నం, 7-30 వాటర్స్ తూటాల్లో ఏది నయమని అడిగారు. నేను రెండూ వాడాను. 150 గజాలు తప్పదంటే 7-30 వాటర్సే తీసుకోండి. అంత దూరం నిజంగా కావాలా అన్నది మాత్రం ముందు తేల్చుకోండి.

నేను మొదట కొన్నది ఏడున్నర అంగుళాల బారెల్ ఉన్న .44 రివాల్వర్. దానికి స్కోప్ పెట్టించాను. 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 50 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో సరిగ్గా గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేస్తే, 100 గజాల దగ్గర గురికి 4 అంగుళాలు కింద తగులుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 8 అంగుళాల ప్లేటంత ఉంటుంది కాబట్టి కొంచెం పైకి పట్టి కొడితే సరిపోతుంది. 150 గజాలకు వెళ్లేసరికి అదే బుల్లెట్ 15 అంగుళాలు దిగిపోతుంది. చిక్కంతా అక్కడే.

అది నాకు ఒక నవంబరు సాయంత్రం తెలిసొచ్చింది. ఎండుగడ్డిలో ఆడజింక ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. వంద గజాలుంటుందిలే అని కంటితోనే లెక్కేసి, భుజం వెనక గురిపెట్టి కాల్చాను. దాని పొట్ట కింద, కాళ్ల మధ్య మట్టి లేచింది. జింక పారిపోయాక దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌తో చూస్తే 146 గజాలు. పూర్తిగా తప్పింది, అదృష్టం. కాస్త ముందు తగిలుంటే కాలు విరిగి, రాత్రంతా ఏ పొదలోనో విలవిల్లాడేది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

ఆ తర్వాతే 7-30 వాటర్స్ తూటా కాల్చే, 14 అంగుళాల బారెల్ ఉన్న థాంప్సన్ సెంటర్ కంటెండర్ అనే హ్యాండ్‌గన్‌కి మారాను. 120 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్, వేగం 2,350 అడుగుల దాకా వస్తుంది. 150 గజాలకు జీరో చేస్తే 100 దగ్గర అంగుళంన్నర పైన, 200 దగ్గర మూడున్నర, నాలుగు అంగుళాలు కింద. దూరం అంచనా నలభై గజాలు తప్పినా బుల్లెట్ ఆ ప్లేటు దాటిపోదు. కాకపోతే బారెల్ వంచి ఒక్కో తూటా పెట్టుకోవాలి, ఆనిక లేకుండా కాల్చలేం. పొదల్లో నలభై గజాల్లో ఎదురయ్యే అడవి పందులకైతే నేను ఇప్పటికీ రివాల్వరే పట్టుకెళ్తాను.

మీరు హెచ్1బీ మీద ఉంటే ముందు హంటింగ్ లైసెన్సు తీసుకోండి. అది చెల్లుబాటులో లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గరుంచుకుంటే ఫెడరల్ నేరమవుతుంది.

కొనేముందు ఎవరిదైనా రివాల్వర్ అడిగి తీసుకుని, రేంజిలో 8 అంగుళాల పేపర్ ప్లేటు పెట్టి కాల్చి చూడండి. బెంచి మీద కాదు, వేటలోలాగే నేల మీద కూర్చుని, షూటింగ్ స్టిక్స్ అనే ఊత కర్రల మీద తుపాకీ ఆనించి. ఆరుకు ఆరూ ప్లేట్లో పడే దూరం ఎంతో, అదే మీ హద్దు. నాకు .44తో అది 80 గజాలు. మీకూ అంతే వచ్చి, మీరు వేటాడే చోట జింకలు ఆ దూరంలోనే కనిపిస్తుంటే .44 చాలు, రెండోదాని మీద డబ్బు పెట్టకండి.