స్టేడియమంతా ఒకే రంగు కావాలంటే పోస్టర్లు సరిపోవు

ప్రశ్న: అమెరికాలో చదువుతున్నాను, మా యూనివర్సిటీ స్టూడెంట్ కమిటీలో ఉన్నాను. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి అందరూ మెరూన్ వేసుకుని రమ్మని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాం, హాస్టళ్లలో పోస్టర్లు అంటించాం. తీరా చూస్తే స్టాండ్స్‌లో తలా ఒక రంగు. వచ్చే సీజన్‌కి ఏం చేయాలి?

జవాబు:

ఎమ్మెస్ చదివేటప్పుడు నేను మా యూనివర్సిటీ అథ్లెటిక్స్ (అంటే క్రీడల విభాగం) మార్కెటింగ్ ఆఫీసులో పార్ట్‌టైమ్ చేశాను. చేరింది గంటకి వచ్చే డాలర్ల కోసమే. ఫుట్‌బాల్ అంటే అప్పటికి నాకు కాలితో ఆడే ఆటే, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ కాదు. కానీ మీరు అడిగిన పనే ఆ ఆఫీసులో నా చేత ఎక్కువగా చేయించారు, కాబట్టి నాలుగు మాటలు చెప్పగలను.

ముందు ఆ మెరూన్‌ని పక్కన పెట్టండి. యూనివర్సిటీ రంగు కదా అంటారు. నిజమే, కానీ మీరు మెరూన్ అంటే ఒకడు ఇటుక రంగు టీషర్టులో వస్తాడు, ఇంకొకడు వంకాయ రంగులో వస్తాడు. మూడోవాడి దగ్గర ఆ రంగే ఉండదు, రోజూ వేసుకునే బూడిద రంగు హుడీలో వచ్చేస్తాడు. అదే తెలుపు అనుకోండి, లేనివాళ్లు ఉండరు. కొనక్కర్లేదు, షేడ్ తేడా రాదు, ఫ్లడ్‌లైట్ల కింద ఇంకా బాగా కనిపిస్తుంది. నలుపు కూడా అందరి దగ్గరా ఉంటుంది కానీ, రాత్రి మ్యాచ్‌ని టీవీలో చూస్తే సీట్లు ఖాళీగా ఉన్నాయేమో అనిపిస్తుంది. మనుషులు మ్యాచ్ రోజు పొద్దున బీరువా తలుపు తీసి, చేతికి అందింది వేసుకుంటారు. ఐపీఎల్‌లో చెన్నై టీమ్ వస్తే మన ఉప్పల్‌లో ఎవరూ పోస్టర్ వేయకుండానే ఎంత పసుపు కనిపిస్తుందో చూశారుగా. ధోనీ మీద ప్రేమ ఒక కారణం, ఆ జెర్సీ ముందే కొని ఇంట్లో ఉండటం ఇంకో కారణం.

ఒక్కటి చూసుకోండి, వచ్చే టీమ్ అభిమానుల రంగూ మీరు ఎంచుకున్న రంగూ ఒకటి కాకూడదు.

రెండోది, మొదటిసారే స్టేడియం మొత్తాన్ని అడక్కండి. పెన్ స్టేట్ యూనివర్సిటీ వైట్ అవుట్, అంటే ప్రేక్షకులంతా తెలుపు వేసుకొచ్చే మ్యాచ్, మీకు తెలిసే ఉంటుంది. వాళ్ల బీవర్ స్టేడియంలో లక్ష మందికి పైగా తెల్లబట్టల్లో ఊగిపోతుంటే, మొదటి రోజు నుంచీ ఇలాగే ఉందేమో అనుకుంటాం. 2004 అక్టోబరులో పర్డ్యూ యూనివర్సిటీతో మ్యాచ్‌కి మొదలుపెట్టినప్పుడు వాళ్లు అడిగింది విద్యార్థుల స్టాండ్‌ని మాత్రమే. ఆ మ్యాచ్ ఓడిపోయారు కూడా. మరుసటి ఏడాది ఒహాయో స్టేట్‌ని 17-10తో ఓడించిన రాత్రి కూడా తెలుపు విద్యార్థులదే. స్టేడియం మొత్తాన్ని తెలుపు వేసుకోమన్నది 2007లో, నోటర్‌డామ్ వచ్చినప్పుడు. తమాషా ఏమిటంటే, ఆ మ్యాచ్‌ల్లో సొంత టీమ్ ముదురు నీలం జెర్సీలో ఆడుతుంది, తెల్ల జెర్సీ వేసుకునేది అవతలి టీమ్. అయినా దాని గురించి ఎవరూ పట్టించుకోరు.

మీరూ అలాగే టీవీ ప్రధాన కెమెరాకి ఎదురుగా ఏ స్టాండ్ ఉందో చూసి, అందులో ఒక బ్లాకుని పూర్తిగా నింపండి. సగం సగంగా పది బ్లాకులు నిండినా లాభం లేదు, ఒక్కటి నిండితే ఫొటో బాగా వస్తుంది. ఆ ఫొటోనే తర్వాతి మ్యాచ్‌కి మీ పోస్టర్. నలుగురితో నారాయణ అనేది అమెరికా వాళ్లకీ వర్తిస్తుంది. చుట్టూ అందరూ తెలుపులో ఉంటే తను ఒక్కడే ఎర్ర చొక్కాలో నిలబడటం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇక టీషర్టులు. స్పాన్సర్ దొరికితే పంచండి. ఊళ్లో బ్యాంకో, పిజ్జా షాపో వీపు మీద లోగో వేసుకుంటామని ముందుకొస్తుంది. సైజుల దగ్గర జాగ్రత్త. అక్టోబరు దాటాక మిడ్‌వెస్ట్‌లో చలికి అందరూ జాకెట్ వేసుకుంటారు, టీషర్టు లోపలే ఉండిపోతుంది. మా ఆఫీసులో మీడియం దాదాపు మానేసి ఎల్, ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ తెప్పించేవాళ్లు, జాకెట్ మీద తొడుక్కోవడానికి. గేటు దగ్గర ఇచ్చేటప్పుడు "జాకెట్ మీద వేసుకో" అని చెప్పడానికే ఒక మనిషిని పెట్టేవాళ్లు. చాలాసార్లు ఆ మనిషిని నేనే. చేతికిచ్చి ఊరుకుంటే సగం మంది మడిచి బ్యాగులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తారు, రూమ్మేటుకి కూడా ఒకటి అడుగుతారు.

సీట్ల మీద ముందే పెట్టాలనుకుంటే పొద్దున్నే వెళ్లాలి. పై అంతస్తులో గాలి విపరీతం. ఒకసారి మేం పరిచి కిందికి దిగేలోపు ఒక వరుస టీషర్టులన్నీ మెట్ల మీదికి కొట్టుకొచ్చాయి. అప్పటి నుంచి ఒక్కోదాన్నీ చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి, అల్యూమినియం బెంచీకీ వెనకున్న ఆనుడు బల్లకీ మధ్య సందులో దూర్చేవాళ్లం. వేళ్లు కొంకర్లు పోయేవి.

పెద్దవాళ్లతోనే అసలు తలనొప్పి. సీజన్ టికెట్ కొని, ఏళ్ల తరబడి ఒకే సీట్లో ఒకే జాకెట్‌తో కూర్చునే పూర్వ విద్యార్థులు ఇన్‌స్టాగ్రామ్ చూడరు. వాళ్లకి సీజన్ టికెట్లతో వచ్చే షెడ్యూల్‌లోనే ఆ తేదీ పక్కన రంగు అచ్చయి ఉండాలి. సోమవారం ప్రెస్‌మీట్‌లో కోచ్ నోటి నుంచి ఒక్క మాట రావాలి. మీ వంద పోస్టులకంటే వాళ్లకి ఆ మాట ఎక్కువ. పార్కింగ్ దగ్గర, గేట్ల దగ్గర పనిచేసేవాళ్లు కూడా అదే రంగులో ఉండేలా చూడండి.

చారల్లాగా, గడుల్లాగా రెండు రంగులు పెట్టాలనే సరదా మీ కమిటీలో ఎవరికో ఒకరికి పుడుతుంది. మొదటి ఏడాది వద్దనే అంటాను. బ్లాకు నంబరు చూసుకుని రంగు వేసుకోవడం అందరి వల్లా కాదు. ఆ విషయంలో నాకు బాగా నచ్చింది టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు 2001లో చేసింది. సెప్టెంబరు 11 దాడులు జరిగిన పదకొండో రోజున ఓక్లహోమా స్టేట్‌తో మ్యాచ్. ఐదుగురు విద్యార్థులు పూనుకుని, వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్‌లో పై అంతస్తుకి ఎరుపు, మధ్య దానికి తెలుపు, కింది దానికి నీలం అన్నారు. బ్లాకులు, వరుసలు ఏమీ లేవు, అంతస్తు ఒక్కటే గుర్తుంటే చాలు. ఐదు డాలర్లకో టీషర్టు చొప్పున 70,000 దాకా అమ్మి, మిగిలిన డబ్బుని న్యూయార్క్ పోలీసు, ఫైర్ సిబ్బంది సహాయ నిధులకి పంపారు. ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్ ఊళ్లో చదివిన మనవాళ్లు చాలామందే ఉన్నారు, అడిగితే ఆ రోజు ఫొటో చూపిస్తారు. అలాంటి సందర్భం మనం సృష్టించగలిగేది కాదు, కోరుకునేదీ కాదు. ఆ అంతస్తుల లెక్క మాత్రం దాచుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది.

ఇదంతా ఏడాదికి ఒక్క మ్యాచ్‌కే చేయండి, వీలైతే రాత్రి మ్యాచ్‌కి, గట్టి ప్రత్యర్థి వచ్చినప్పుడు. ప్రతి శనివారం అడిగితే మూడోసారికి ఎవరూ వినరు. ఓడిపోతే పరువు పోతుందేమో అనే టెన్షన్ మీ అథ్లెటిక్స్ డైరెక్టరుకి ఉంటుంది, అది సహజం. జార్జియా యూనివర్సిటీ వాళ్లు 2007లో నల్ల జెర్సీలతో దిగి ఆబర్న్ యూనివర్సిటీని 45-20తో చిత్తు చేశారు. మరుసటి ఏడాది అలబామా మీద మళ్లీ అందరినీ నలుపు వేసుకోమంటే సగం ఆటకే 31-0తో వెనకబడి, చివరికి 41-30తో ఓడిపోయారు. దాని మీద జోకులు ఇప్పటికీ వేస్తారు. ఓటమికి రంగు కారణం కాదు, అలబామా బాగా ఆడింది. పెన్ స్టేట్ మొదటిసారి ఓడినా వదల్లేదని డైరెక్టరు గారికి చెప్పండి.

మీ స్టాండ్స్ మ్యాప్, షెడ్యూల్ ఇక్కడే పెడితే ఏ మ్యాచ్‌కి ఏ బ్లాకుతో మొదలుపెడితే బాగుంటుందో చూసి చెబుతాను.