మీమ్స్ మీద ఉండే ఆ లావు అక్షరాలేంటి?

ప్రశ్న: మీమ్స్ మీద తెల్లగా, నల్ల అంచుతో ఇరుకిరుగ్గా ఉండే ఇంగ్లిష్ అక్షరాలు ఏ ఫాంటండీ? తెలుగు ఫ్లెక్సీకి అదే అడిగితే షాపువాళ్లు రాదంటున్నారు, నిజమేనా?

జవాబు: అది ఇంపాక్ట్ అండీ. 1965లో జెఫ్రీ లీ డిజైన్ చేస్తే షెఫీల్డ్‌లోని స్టీఫెన్‌సన్ బ్లేక్ కంపెనీ లోహపు అచ్చులుగా పోతపోసింది, తర్వాత విండోస్‌తో పాటే రావడంతో అందరి కంప్యూటర్లలోకీ చేరిపోయింది. దాని చిన్నబడి (a, b, c) అక్షరాలు మామూలు ఫాంట్లలో కంటే ఎత్తుగా ఉంటాయి, లోపలి ఖాళీలు సన్నగా గీత పెట్టినట్టు మిగుల్తాయి, అందుకే హెడ్డింగుకి అదిరిపోద్ది గానీ పేరా మొత్తం అందులో పెడితే చదవలేక చస్తాం. షాపువాళ్లు చెప్పింది కరెక్టే, అందులో తెలుగు అక్షరాలే లేవు. పైగా మనకి గుడులూ వత్తులూ ఉన్నాయి కదా, లైన్లు అంత దగ్గరగా పేర్చలేం, 'స్త్రీ' అని టైప్ చేసి చూడండి. రామభద్ర లాంటి లావు ఫాంట్ పెట్టించండి, అడ్డంగా నొక్కమని మాత్రం అడక్కండి, నిలువు గీతలు పీక్కుపోతాయి.