పాస్‌పోర్టు రద్దయితే పౌరసత్వం పోదు

మీ తమ్ముడిపై ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు పెట్టారు, పాస్‌పోర్టు రద్దు చేశారు, ఇక పౌరసత్వమూ పోయినట్టేనా అని అడిగారు. పోలేదు. నల్లగొండలో పుట్టి, పుట్టుకతోనే పౌరుడైనవాడికి 1955 పౌరసత్వ చట్టంలో పౌరసత్వం తీసేసే 10వ సెక్షన్ తగలదు. మీకు వచ్చింది 1967 పాస్‌పోర్టుల చట్టం 10(3) సెక్షన్ కింద పాస్‌పోర్టు రద్దు ఆర్డర్ అయి ఉంటది.

1. ఆర్డర్‌లో 10(3) కింద ఏ క్లాజు రాశారో చూడండి: (సి) దేశ భద్రత, (ఇ) కోర్టులో పెండింగ్ కేసు.

2. అందరూ మరిచేది ఇదే. కారణాల కాపీ అడిగితేనే ఇస్తరు. అదే చట్టం 10(5) సెక్షన్ కింద అడుగుతున్నట్టు రాసి సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. భద్రత పేరుతో కాదనొచ్చు, అయినా అడిగినట్టు రసీదు ఉండాలె.

3. అప్పీలుకు 30 రోజులే. కాపీ వచ్చేదాకా ఆగొద్దు. ఆర్డర్ వచ్చిన కవరు పారేయకండి, దాని మీది ముద్రే తేదీకి సాక్ష్యం.

ఆర్డర్ కేంద్రానిదే అయితే అప్పీలు లేదు, హైకోర్టుకే పోవాలె.