తెర ఆపాక పలికిన మాట

చిరంజీవి అమ్మాయికి,

మాష్టారి ఆశీస్సులు. డీఎస్సీలో సెలెక్టయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరుగా చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినరోజు ఇంట్లో పాయసం వండించాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "క్లాసు గోడకున్న ఐఎఫ్‌పీ ప్యానెల్ తెర మీద బొమ్మలు పెడితే పిల్లలు కళ్లార్పకుండా చూస్తున్నారు మాష్టారూ, మర్నాడు అడిగితే ఒక్క మాటా గుర్తుండటం లేదు" అని రాశావే, అక్కడ ఆగిపోయాను. నాకూ మొదటి ఏడాదంతా ఇదే జరిగింది.

చూడటం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. మాట, బొమ్మ, అర్థం మూడూ ఒకేసారి ఎదురుగా కనిపిస్తుంటే పిల్లవాడికి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. కానీ బుర్రలోంచి ఆ మాటను వెతికి పైకి తీసే పని వాడింకా చెయ్యలేదు. అందుకని నేను బొమ్మను రెండు నిమిషాలు చూపించి ప్యానెల్ ఆపేసేవాణ్ని. "ఇందాక కొండ మీదికి దారి చూశాం కదా, ఆ దారి ఎలా ఉందన్నాం?" అని అడిగేవాణ్ని. క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు తొందరపడి నువ్వే చెప్పెయ్యకు తల్లీ. మనసులో పది లెక్కపెట్టు. ఏ వెనక బెంచీ నుంచో "స్టీ... స్టీప్" (నిటారుగా) అని వినిపిస్తుంది. ఆ తడుముకోవడంలోనే మాట నాటుకుంటుంది. పీరియడ్‌కు ఆరేడు మాటలు చాలు. ఇరవై చూపించి ఏదీ నిలపకపోవడం కంటే అది నయం.

అన్ని మాటలకూ బొమ్మ పనికిరాదు. "రిలక్టెంట్" (మనసొప్పక వెనకాడటం) అనే మాటకు నెట్‌లో వెతికి, ఈత కొలను గట్టున చేతులు ముడుచుకుని నిలబడిన కుర్రాడి ఫొటో పెట్టాను. ఏడో తరగతి వాళ్లలో సగంమంది "చలి" అన్నారు, సగంమంది "భయం" అన్నారు. బొమ్మలో ఉన్నది వాళ్లు సరిగ్గానే చూశారు. ప్యానెల్ ఆపి, ముందు బెంచీలో అమ్మాయిని లేపి, "ఈ రిజిస్టర్ హెడ్మాస్టరు గారికిచ్చి రా" అన్నాను. లేచింది. గుమ్మం దాకా వెళ్లి నావైపు చూసింది. ఇంకో అడుగు వేసి మళ్లీ చూసింది. "చూశారా, ఈమె రిలక్టెంట్‌గా వెళ్తోంది" అన్నాను. ఆ మాట ఆ క్లాసు వాళ్లు పదో తరగతిలో కూడా వాడారు. నారు, గట్టు, జల్లెడ లాంటివాటికి ఫొటో పెట్టు. మనసుకు సంబంధించిన మాటలకు మాత్రం మనిషే కావాలి. ఫొటోలు కూడా నెట్‌లోంచి కాకుండా మీ ఊరి పొలంలో, పిల్లల వంటింట్లో నీ ఫోన్‌తో తీసినవైతే వాళ్ల కళ్లు వెలుగుతాయి. వస్తువుల్నే తియ్యి, పిల్లల ముఖాలు వద్దు.

పిల్లలకు వందల ఇంగ్లిష్ మాటలు ముందే వచ్చునన్న సంగతి మనం మర్చిపోతుంటాం. ఛార్జర్, సిగ్నల్, బ్యాలెన్స్, టెన్షన్ అన్నీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి. అక్కణ్నుంచి మొదలుపెట్టు. కానీ ఆ మాటలు తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకుని కూర్చున్నాయి. పాఠంలో "నదిలో కరెంట్ ఎక్కువగా ఉంది" అన్న వాక్యం వస్తే ఒకడు లేచి, "అవును సార్, నాగార్జునసాగర్‌లో తీస్తారు కదా" అన్నాడు. వాణ్ని మెచ్చుకున్నాను, ఎందుకంటే వాడు ఆలోచించాడు. వెంటనే ప్యానెల్ మీద కృష్ణ వరద వీడియో పెట్టి, ఒక కొమ్మ కొట్టుకుపోతుంటే వేలుతో చూపించి, "దాన్ని లాక్కుపోతున్నదే ఈ కరెంట్" అన్నాను. వీడియో నిజంగా అక్కరకొచ్చింది ఇలాంటి చోటే. కదలికను నల్లబల్ల మీద గీయలేం.

ఇక మరిచిపోవడం సంగతి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, ఎప్పటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కకట్టి 1885లో అచ్చువేశాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే ఎక్కువ జారిపోతుందనీ, తర్వాత ఆ జారడం నెమ్మదిస్తుందనీ తేల్చాడు. ఆంకీ అనే యాప్ ఈ ఆలోచన మీదే నడుస్తుంది, మరిచిపోయే వేళకు మాటను మళ్లీ అడుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. నీ ఫోన్‌లో క్లాసు మొత్తానికి ఒకే కార్డుల కట్ట పెట్టుకో. కార్డు ముందువైపు బొమ్మో, ఖాళీ ఉన్న వాక్యమో ఉండాలి, వెనకవైపు మాట. పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు ఆ రోజుకి యాప్ ఇచ్చినవే అడుగు. ఎక్కువమంది చెప్పగలిగితే "గుడ్" నొక్కు, ఆ మాట కొన్నాళ్లాగి తిరిగొస్తుంది. చెప్పలేకపోతే "అగైన్" నొక్కు, కాసేపటికే మళ్లీ అడుగుతుంది. జూన్‌లో చెప్పిన మాట డిసెంబర్‌లో ఎదురైతే పిల్లలు చుట్టాన్ని చూసినట్టు సంబరపడతారు.

గట్టిగా చెప్పేవాళ్లు నలుగురే ఉంటే మిగతా ముప్పై మంది సంగతి తెలియదు. దానికి ప్లికర్స్ అనే యాప్ బాగుంటుంది. ఒక్కొక్కరికీ నల్లటి గుర్తున్న అట్టముక్క ఇస్తాం. నాలుగు వైపులూ నాలుగు జవాబులు. తమ జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటారు, నువ్వు ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి చూపిస్తే ఎవరు ఏమన్నారో వచ్చేస్తుంది. ఒక్కో అట్ట గుర్తు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కవాడిది చూసి పెట్టలేరు. తప్పు చెప్పినందుకు ఎవరూ నలుగురిలో చిన్నబుచ్చుకోరు. నోరు విప్పని ఆడపిల్లలకు ఎంత వచ్చో నాకు ఇలాగే తెలిసింది. మెరిసే ల్యామినేషన్ మాత్రం చేయించకు, వెలుగు పడి కెమెరాకు గుర్తు అందదు.

ఉచ్చారణకు ఆన్‌లైన్ నిఘంటువులోని స్పీకర్ గుర్తు నొక్కి వినిపించు. వెజిటబుల్ అనే మాటను మన పిల్లలు అక్షరం వదలకుండా "వెజిటేబుల్" అంటారు. "వెజ్-ట-బుల్" అని వినిపించాక మూడు దరువులు చప్పట్లతో వేయించు. ముందు నువ్వు ఇంట్లో విని వెళ్లు.

ట్రాన్స్‌లేషన్ యాప్‌ను ఒంటి మాటకు వాడనివ్వకు. "బ్యాగ్ లైట్‌గా ఉంది" అన్న వాక్యంలో "లైట్" ఒక్కటే కొట్టి, "సంచి వెలుగు" అని రాసుకొచ్చాడు ఒకడు. వాక్యం మొత్తం పెట్టించి, వచ్చిన తెలుగు సరిపోయిందో లేదో వాళ్లచేతే చెప్పించు.

ఫోన్ ఉంటేగానీ కుదరని ఇంటిపని ఎప్పుడూ ఇవ్వకు. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో ఉంటుంది, పిల్లలు నిద్రపోయాక ఇంటికొస్తుంది. నేను ఒకసారి వాట్సాప్‌లో వాయిస్ పెట్టి జవాబు పంపమన్నాను. మర్నాడు పంపనివాళ్లను నిలబెట్టాను. వాళ్లలో ఒకమ్మాయి "మా ఇంట్లో ఫోనే లేదు సార్" అని నేలచూపులు చూసింది. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే. నువ్వు ఆ తప్పు చెయ్యకూడదని రాస్తున్నాను.

వీడియోలు ముందురోజే డౌన్‌లోడ్ చేసుకో. కరెంటు పోయిన రోజుకు సంచిలో పది ఫ్లాష్‌కార్డులు ఉంచుకో. సంక్రాంతికి మీ ఊరు వస్తాను. ప్లికర్స్ అట్టలు నా దగ్గర ఒక సెట్టు ఉంది, తెచ్చిస్తాను. ఈలోగా నీ క్లాసులో నిలవని మాటలేవో ఒక కాగితం మీద రాసిపెట్టు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాష్టారు