పెళ్లిచూపుల పూట అన్నయ్యని ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్ ఉంది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లు తెచ్చిచ్చేది వాడే. వచ్చే ఆదివారం మా అమ్మాయికి పెళ్లిచూపులు. ఆ పూట వాణ్ణి నాచారంలో తమ ఇంట్లో ఉంచుకుంటామని, తాంబూలాలు పుచ్చుకున్నాక చెప్పుకోవచ్చని మా ఆడపడుచు అంటోంది. వాడు కడుపులో ఉండగా, నా ఐదో నెలలో, ఇల్లు కట్టడానికి పుట్ట తవ్వించామని, సర్పదోషం తగిలిందని మా అత్తగారి నమ్మకం. శ్రీకాళహస్తిలో పూజ కూడా చేయించాం. అమ్మాయి కడుపునా అలాంటి బిడ్డ పుడితే ఎలా అని అవతలివాళ్లు అడిగితే ఏం చెప్పను?
- ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, అబ్బాయిని నాచారం పంపకండి. ఆదివారం కూడా మంచినీళ్లు తననే తెమ్మనండి. మా పెద్దబ్బాయి అని పేరు చెప్పి పరిచయం చేయండి.

ముందు ఆ పుట్ట సంగతి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 95 మందికి 21వ క్రోమోజోములు (కణాల్లో ఉండే, వంశలక్షణాలు మోసే పోగులు) రెండుండాల్సిన చోట మూడుంటాయి. ఆ మూడోది చాలావరకు అండంలోనో వీర్యకణంలోనో ముందే చేరి ఉంటుంది. ఐదో నెలలో మీరు పుట్ట తవ్వించేనాటికి జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది. అత్తగారు ఆ మాట ఎత్తినప్పుడల్లా ఇన్నేళ్లూ తల దించుకునే ఉంటారు మీరు. ఇక దించుకోకండి.

అమ్మాయి విషయానికి ఊహలు వద్దు, రిపోర్టు కావాలి. అబ్బాయికి చిన్నప్పుడు కారియోటైపింగ్ అనే రక్తపరీక్ష చేయించారేమో, పాత ఫైళ్లు వెతకండి. లేకపోతే పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ అడగండి. '47, ఎక్స్‌వై, +21' అని వస్తే, అంటే 21వది ఒకటి విడిగా ఎక్కువుందని తేలితే, ఆ వయసు ఆడపిల్లలెవరికైనా ఉండేపాటి అవకాశమే మీ అమ్మాయికీ ఉంటుంది. నూటికి ముగ్గురు నలుగురిలో మాత్రం ఆ అదనపు ముక్క వేరే క్రోమోజోముకి అతుక్కుని ఉంటుంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చి ఉండొచ్చు కాబట్టి, అలా తేలితే అమ్మాయికీ పరీక్ష చేయించాలి. ఆదివారంలోగా రిపోర్టు రాదు. చేయిస్తున్నామని ఉన్నమాట చెప్పండి, చాలు.

దాచడం గురించి నాకు తెలిసింది ఒకటి చెప్తాను. నేను మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లలకి పాఠాలు చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు వాళ్లక్క పెళ్లి ఆల్బమ్ తెచ్చాడు. ఒక్కో పేజీ తిప్పుతూ, ప్రతి ఫొటో మీదా వేలు పెట్టి తన మొహం కోసం వెతికాడు. పెళ్లినాడు అతనికి కొత్త చొక్కా తొడిగి, పైగదిలో టీవీ పెట్టి కూర్చోబెట్టారట. చివరి పేజీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. పిల్లలకి ఏం తెలుస్తుందిలే అనే పెద్దలంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పెళ్లివారి మనసులో అసలు ప్రశ్న వేరే ఉంటుంది, మొహమాటానికి అడగరు: మీ తర్వాత వీడెవరి బాధ్యత? దానికి మీ దగ్గర జవాబుండాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, ఇలాంటి వైకల్యం ఉండి 18 నిండినవాళ్లకి గార్డియన్‌ని నియమించే కమిటీ ప్రతి జిల్లాలోనూ కలెక్టరు అధ్యక్షతన ఉంటుంది. మీది మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరేట్. అదే ట్రస్టు 'నిరామయ' పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇస్తుంది. ఈ రెండూ కదిలించండి. వాళ్లు అడగకముందే మీవారు ఈ ఏర్పాట్లన్నీ చెప్పాలి. అన్నని చూసుకోవడానికి అమ్మాయి పుట్టింటికి వస్తే అడ్డుచెప్పకూడదని కూడా ఆ పూటే అడగాలి. దానికి మొహం చిట్లించేవాళ్లయితే ఆ సంబంధం మీ అమ్మాయికి వద్దు.