వెనక కూర్చున్న వ్యాగన్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ స్టేషన్ వ్యాగన్ (వెనక సామాను చోటు పొడవుగా ఉండే నీ కారు) ఫొటో చూశాను. వెనక బాగానే కూర్చుంది, ముక్కు పైకెత్తింది. గట్టి స్ట్రట్లు (చక్రం దగ్గర నిలువుగా, లోపల షాక్ అబ్జార్బర్‌తో ఉండేవి) వేయిస్తే లేస్తుందని ఎవరో చెప్పారని రాశావు. ఆ మాట విని ఆర్డర్ పెట్టెయ్యకు. కొత్త స్ట్రట్లు వేసినా బండి దాదాపు అదే ఎత్తులో నిలబడుతుంది. చాలామంది డబ్బు దండగయ్యేది ఇక్కడే.

బండి బరువు మోసేది స్ప్రింగు. స్ట్రట్‌లో ఉండే షాక్ అబ్జార్బర్ పని వేరు. గతుకు మీద స్ప్రింగు ఊగితే, లోపలి ఆయిల్‌ని సన్నటి రంధ్రాల గుండా తోసి ఆ ఊపు ఆపుతుంది. కదలిక ఉన్నంతసేపే దానికి పని. గ్యాస్ నింపిన షాకులు లోపలి ప్రెషర్ వల్ల బండిని కాస్త పైకి తోస్తాయి, నిజమే. కానీ అది కొన్ని మిల్లీమీటర్ల మాట. నీ బండికి అది చాలదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అదీ వ్యాగన్లలోనే ఎక్కువ. కొన్ని కంపెనీలు వెనక చక్రాలకు తమంతట తామే ఎత్తు సర్దుకునే షాకులు పెట్టాయి. వాటిలో బాగా తెలిసిన పేరు నివోమాట్. వోల్వో వీ70 లాంటి బండ్లలో ఆప్షన్‌గా వచ్చేది. బండి నడుస్తుంటే రోడ్డు కుదుపులతోనే లోపల ప్రెషర్ పెంచుకుని, కొంత దూరం పోయేసరికి వెనక భాగాన్ని లేపుతుంది. ఆ షాకే కొంత బరువు మోస్తుంది కాబట్టి దానికి జోడీగా మెత్తటి స్ప్రింగు ఇస్తారు. అది పాడైనప్పుడు ఎవరైనా మామూలు షాకు బిగించారనుకో, ఆ మెత్తటి స్ప్రింగు ఒక్కటే బరువంతా మోయాలి. డిక్కీ దిగక ఏం చేస్తుంది? అప్పుడు స్ప్రింగులు కూడా మార్చాలి, లేదా మళ్లీ అదే రకం షాకు వేయాలి. మెర్సిడెస్ డబ్ల్యూ123, డబ్ల్యూ124 వ్యాగన్లలో ఇదే పనికి పంపు, ఆయిల్ పైపులు, నైట్రోజన్ గోళాలతో పెద్ద హైడ్రాలిక్ ఏర్పాటే ఉంటుంది. అందుకని నీ బండి ఫ్యాక్టరీ నుంచి దేనితో వచ్చిందో ఛాసిస్ నంబర్ పట్టి ముందు తెలుసుకో. పాత ఓనర్లు ఏం మార్చారో కూడా చూడాలి. అదే మోడల్ సెడాన్ స్ప్రింగులు వ్యాగన్‌కి వేసేసిన బండ్లు నేను చూశాను. బిగించడానికి సరిపోతాయి, బరువుకు సరిపోవు.

ఇక కొలత. నేల నుంచి కొలిస్తే టైర్ల గాలి, అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతాయి. చక్రం నడిమధ్య నుంచి నిలువుగా పైనున్న మడ్‌గార్డ్ అంచు దాకా కొలువు, నాలుగు చక్రాలకూ. నేల సమంగా ఉండాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి. జాకీ దించగానే కొలవకు. బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపితే గానీ సరిగ్గా కుదురుకోదు. తర్వాత నువ్వు మామూలుగా తీసుకెళ్లే మనుషులతో, సామానుతో ఇంకోసారి కొలువు. కంపెనీ మాన్యువల్‌లో ఈ ఎత్తు ఇచ్చి ఉంటే దానితో పోల్చు.

ఖాళీగా ఉన్నప్పుడే దిగి ఉంటే స్ప్రింగు అలిసిపోయింది, లేదా తప్పు స్ప్రింగు పడింది. ఖాళీగా బాగానే ఉండి, లోడు వేస్తేనే కూర్చుంటే స్ప్రింగు తప్పేం లేదు, నీ లోడే దానికి ఎక్కువ. ఒక్క పక్కే దిగితే చివరి చుట్టు విరిగిందేమో చూడు. అడుగున మట్టీ నీళ్లూ నిలిచి, తుప్పు పట్టి అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క స్ప్రింగు కూర్చునే తట్టలోనే ఉండిపోతుంది కాబట్టి టార్చి వేసి వెతికితే గానీ కనపడదు. ఆ తట్ట తుప్పుతో కుంగిందా, స్ట్రట్ పైనుండే మౌంట్ రబ్బరు అణిగిపోయిందా అన్నదీ అప్పుడే చూసెయ్యి.

స్ప్రింగు పాతబడితే మెత్తబడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి దాని గట్టిదనం దాదాపు అలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి బరువు కింద ఉండి పొడవు తగ్గుతుంది, అంతే. అందుకే రోజువారీ లోడు మామూలుగా ఉన్నవాళ్లకి వ్యాగన్‌కి ఇచ్చే కొత్త స్టాండర్డ్ స్ప్రింగే చాలు. "హెవీ డ్యూటీ" అన్న మాట చూసి మోజు పడనక్కర్లేదు.

ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం. వెనక ఒక్కో చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు, చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు (అంటే ఒక మిల్లీమీటరు దిగాలంటే 25 న్యూటన్ల బలం పడాలి) అనుకో. వెనక ఇరుసుకు సరిగ్గా పైన 100 కిలోల సామాను వేస్తే చక్రానికి 50 కిలోలు, అంటే సుమారు 490 న్యూటన్లు పడుతుంది. బండి 20 మిల్లీమీటర్లు దిగుతుంది. 30 శాతం గట్టి స్ప్రింగు వేస్తే అదే సామానుకు 15 దిగుతుంది. చూశావా, కలిసొచ్చింది అయిదు మిల్లీమీటర్లే. కానీ ఆ గట్టి స్ప్రింగు పాతదానంత పొడవే ఉంటే, ఖాళీ బండి దాని మీద 27 మిల్లీమీటర్లు పైకి లేచి నిలబడుతుంది! ఫొటోలో ముక్కు పైకి ఉన్న బండి ఈసారి తోక పైకెత్తుకుని తిరుగుతుంది, వెనక సీట్లో వాళ్లకి ప్రతి గతుకూ నడుముకి తగులుతుంది. గట్టిదనం, పొడవు రెండూ కలిపి చూడాలనేది ఇందుకే. అమ్మేవాణ్ణి "ఎంత గట్టిది?" అని మాత్రమే అడగకు. ఖాళీ బండి ఎంత ఎత్తులో నిలబడుతుంది, ఎంత లోడుకు తయారు చేశారు అని అడుగు. చెప్పలేకపోతే ఇంకో చోట కొను.

చూపుతో స్ప్రింగుని అంచనా వేయొద్దు కూడా. తీగ మందం 12 మిల్లీమీటర్ల నుంచి 13కి పెరిగితే, మిగతావన్నీ అలాగే ఉంటే, గట్టిదనం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. ఆ తేడా కంటికి ఆనదు. ఒరిజినల్ స్ప్రింగుల మీద రంగు చుక్కలుంటాయి, అవి రకాన్ని చెబుతాయి. తుడిచేయకుండా ఫొటో తీసుకో.

సామాను వారంలో చాలా రోజులు ఉంటే గట్టి స్ప్రింగు వేయించు. కొన్నాళ్లు ఖాళీ, కొన్నాళ్లు నిండుగా అయితే ప్రోగ్రెసివ్ స్ప్రింగు మేలు. దాని చుట్లు ఒక కొసన దగ్గరదగ్గరగా ఉంటాయి. బరువు పెరిగేకొద్దీ అవి ఒకదానికొకటి ఆనుకుని, మిగిలిన చుట్లే పని చేస్తాయి, గట్టిదనం పెరుగుతుంది. ఎప్పుడో ఒకసారి ట్రైలర్ లాగేవాళ్లకి స్ప్రింగు లోపల పెట్టే ఎయిర్ బ్యాగులున్నాయి. లోడుకు తగ్గట్టు గాలి నింపి, తర్వాత తగ్గించొచ్చు. అలిసిపోయిన స్ప్రింగుకి మాత్రం అవి మందు కావు. ఒక్క ట్రైలర్ ప్రయాణం కోసం ఏడాదంతా గట్టి స్ప్రింగు మీద తిరగడం నా లెక్కలో తెలివైన పని కాదు.

చుట్ల మధ్య దూర్చే రబ్బరు ముక్కల జోలికి పోకు. అవి ఒకటి రెండు చుట్ల పని ఆపేస్తాయి, ఆ భారమంతా పక్క చుట్ల మీద పడుతుంది. స్ప్రింగు కింద పెట్టే స్పేసర్ బిళ్ల అంతకంటే నయం, ఎత్తులో తేడా తక్కువగా ఉన్నప్పుడు పనికొస్తుంది. అయితే స్ప్రింగు ఎక్కడుందో చూసుకో. స్ట్రట్ మీదే ఉంటే 10 మిల్లీమీటర్ల స్పేసర్‌కి బండి దాదాపు అంతే లేస్తుంది. స్ప్రింగు విడిగా, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ మీద సగం దూరంలో ఉంటే రెట్టింపు లేస్తుంది.

స్ట్రట్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఆయిల్ కారుతున్నా, టైర్ల మీద అక్కడక్కడా గుంటలు పడినట్టు అరుగుతున్నా మార్చు. పైపైన సన్నటి తేమకి కంగారు పడకు. వెనక దిగిన బండి బంప్ స్టాప్ రబ్బర్ల (స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపేవి) మీద కూర్చుని తిరిగి ఉంటుంది, వాటినీ మార్చెయ్యి. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే షాకు పట్టు 14 శాతం దాకా పెరిగితే సరిపోతుంది. స్టాండర్డ్ స్ప్రింగుకి స్టాండర్డ్ షాకే వెయ్యి. అవసరానికి మించి బిగువైన షాకు చిన్న గతుకుల మీదే ప్రాణం తీస్తుంది. స్ప్రింగులైనా, షాకులైనా ఒక ఇరుసుకి రెండూ కలిపే మార్చాలి.

స్ట్రట్ మీదుండే స్ప్రింగు విప్పడం మాత్రం ఇంట్లో సరదాకి చేసే పని కాదు. నొక్కి పట్టిన స్ప్రింగు జారితే మనిషి మిగలడు. స్ప్రింగుని నొక్కి పట్టే సరైన కంప్రెసర్ ఉన్న మెకానిక్‌కే ఇవ్వు, పక్కనే నిలబడి రెండు సంగతులు చూడు. స్ప్రింగు కొస దాని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. ఆర్మ్‌ల బుష్ (కీలు దగ్గరి రబ్బరు) బోల్టులు చక్రాలు గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు ఇవ్వకూడదు, బండి తన బరువు మీద నిలబడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగి ఎత్తు తప్పుగా వస్తుంది, బుష్ కూడా తొందరగా చిరుగుతుంది.

కొత్త స్ప్రింగులు మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు కూర్చుంటాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచి, అప్పుడు వీల్ అలైన్‌మెంట్ ఇంకోసారి చూపించు. హెడ్‌లైట్లు కూడా సరిచేయించాలి. ఇన్నాళ్లూ వెనక దిగి ఉన్న బండికి ఎవరో కిందికి వంచి పెట్టి ఉండొచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది మర్చిపోయేది. కొన్ని వ్యాగన్లలో వెనక సస్పెన్షన్‌కి చిన్న కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వు ఉంటుంది. వెనక ఎంత దిగిందో చూసి, లోడు ఎక్కువుంటే వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ పంపుతుంది. స్ప్రింగులు మార్చి బండి ఎత్తు పెంచితే, డిక్కీ నిండుగా ఉన్నా అది ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. నీ బండికి ఆ వాల్వు ఉంటే, మాన్యువల్ ప్రకారం దాన్ని సర్దాకే లోడు వేసుకుని బయల్దేరు.

ఆశీస్సులతో,
మావయ్య