ఆయాసం ఉన్నవాళ్ళకు జ్వరం తగ్గకపోతే ఏం చేయాలి?

నాలుగు రోజులైనా జ్వరం వదలట్లేదు, ఉబ్బసం ఉంది, షాపులో ఇచ్చిన మాత్ర వేసుకున్న కాసేపటికి పిల్లికూతలు మొదలయ్యాయి, ఇంకో రెండు రోజులు చూడొచ్చా అని కదా మీ ప్రశ్న. చూడొద్దండీ, ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ మాత్ర మళ్ళీ వేసుకోకండి, షీటు పారేయకుండా పట్టుకెళ్ళండి.

మాది రాజోలు వైపు, నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసమే. మా ఊళ్ళో జ్వరం అనగానే ఒక సూది పొడిచి, నాలుగు రంగుల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేస్తారు, పేరు అడిగితే "నీకెందుకు, తగ్గిపోద్ది" అంటారు. అలా ఒకసారి ఒళ్ళునొప్పులకని నడుముకు చేసింది డైక్లోఫెనాక్. అరగంట తిరక్కుండానే ముక్కు కారిపోయి, ఛాతీ బిగిసి, మాట పెగల్లేదు. తర్వాత అమలాపురంలో ఛాతీ డాక్టరు చెబితే తెలిసింది, ఆయాసం ఉన్న కొందరికి ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి నొప్పి మందులు అసలు పడవని. అందరికీ అలా అవదులెండి, కానీ మీకు కూతలు వచ్చాయంటున్నారు కాబట్టి ముందు అదే అనుమానించాలి. తిరకాసు ఏంటంటే, జ్వరం మాత్రే కదా అని కొనే వాటిలోనూ ఇవి కలిసి ఉంటాయి. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తోపాటు ఇబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు ఉంటుంది, అదే జాతి ఎసిక్లోఫెనాక్ కలిపినవైతే బోలెడు. షీటు వెనక చిన్న అక్షరాలు చదివి, ఉత్త పారాసిటమాల్ అయితేనే వేసుకోండి. పెద్దవాళ్ళకు 650 మాత్రయితే కనీసం ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది. లివర్ జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంతే.

నా ఫోను కవరు వెనక ఒక చీటీ ఉంటుంది, "డైక్లో, బ్రూఫెన్ పడవు" అని (బ్రూఫెన్ అంటే ఇబుప్రొఫెనే). మీరూ రాసి పెట్టుకోండి, ఆయాసంలో చెప్పే ఓపిక ఉండదు.

జ్వరంలో పంపు, అంటే ఇన్హేలర్, కొడితే వేడి చేస్తుందని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. వినకండి. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్హేలర్ ఆపితే ఆయాసం ఇంకా ఎగదన్నుతుంది.

అసలు జ్వరం ఎందుకొచ్చిందో తేల్చాలి. మన వైపు ముసురు రోజుల్లో డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్ ఏదైనా కావచ్చు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందేమో కూడా చూడాలి. డెంగ్యూకి ఎన్ఎస్1 అనే రక్తపరీక్షలో మొదటి అయిదు రోజుల్లోనే బాగా తెలుస్తుంది, అందుకే ఇవాళే అన్నాను. డెంగ్యూ అయితే ఇబుప్రొఫెన్ ఎవరికైనా ప్రమాదమే, రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. పైగా జ్వరం దిగిన ఒకటి రెండు రోజులే అసలు గండం, తగ్గిందని లేచి తిరిగేయకండి. ఇంకోటి, మీరు ఆయాసానికి డెరిఫిలిన్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. దాంతోపాటు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే ఒంట్లో ఆ ఆయాసం మందు పేరుకుపోయి గుండెదడ, వాంతులు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. రెండు వారాలు దాటిన జ్వరం, దగ్గు అయితే ఆయాసం దగ్గేలే అని వదిలేయకుండా టీబీ ఉందేమోనని కళ్ళె పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

ఇంట్లో సాయంత్రం దోమలకని కొబ్బరి పీచు, వేపాకు రాజేస్తారు చూడండి, ఆ పొగ మీకు పనికిరాదు, దోమల చుట్టలూ అంతే. దోమతెర కట్టుకోండి. గంజి, జావ, బొండాం నీళ్ళు తాగుతూ ఉండండి.

ఒక వాక్యం ఆపకుండా చెప్పలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, వేలికి పెట్టే మిషన్లో ఆక్సిజన్ 92 కంటే తగ్గినా, ఆయాసానికి కొట్టిన పంపు ప్రభావం నాలుగు గంటలైనా నిలవకపోయినా 108కి ఫోన్ చేసేయండి. మీది లంక గ్రామమైతే అంతదాకా కూడా రానివ్వకుండా, చీకటి పడకముందే ఏరు దాటి ఇవతల ఎవరింట్లోనైనా ఉండండి.